కలుపు మందుల సిఫారసులలో కనిపించని ధ్రువత్వం

కలుపు మందుల వాడకంపై మనం వెలువరించే ఏ కరపత్రాన్ని తీసుకున్నా అందులో మూడు అంశాలు తప్పక ఉంటాయి: మందు పేరు, ఎకరాకు మోతాదు, పిచికారీ చేయవలసిన సమయం. వాటి వెనుక "నేలలో తగినంత తేమ ఉన్నప్పుడు", "శుభ్రమైన నీటితో", "వర్షసూచన లేనప్పుడు" అనే షరతులు తోకలా చేరుతాయి. ఈ షరతులు ఎందుకు పెట్టామో రైతుకు చెప్పము. వ్యవసాయ పట్టభద్రునికి కూడా సరిగా చెప్పము. కారణం తెలియని షరతును ఎవరైనా ముందుగా విడిచిపెడతారు. రైతు మొదటి మూడింటిని పాటించి, తోకను వదిలేస్తాడు. కలుపు చావకపోతే మందు నకిలీదంటాడు, డీలరు వాతావరణాన్ని తప్పుబడతాడు, మనం "సిఫారసు ప్రకారం వాడలేదు" అని చేతులు దులుపుకొంటాం. నకిలీ మందులు ఉన్నాయి, కాదనలేము. అయితే అసలైన మందు కూడా తన స్వభావానికి విరుద్ధంగా వాడినపుడు పనిచేయదు. ఆ స్వభావంలో ముఖ్యమైన భాగం ఒక్క ప్రశ్నలో ఇమిడి ఉంది: ఆ అణువు ధ్రువమైనదా, అధ్రువమైనదా?

ఇంటర్మీడియట్ రసాయనశాస్త్రం చదివిన ప్రతి విద్యార్థికి ఈ పదాలు తెలుసు. రెండు పరమాణువులు ఎలక్ట్రాన్లను పంచుకొన్నప్పుడు ఆ పంపకం సమంగా ఉండవలసిన అవసరం లేదు. పౌలింగ్ కొలమానం ప్రకారం ఆక్సిజన్ రుణవిద్యుదాత్మకత 3.44, హైడ్రోజన్‌ది 2.20. కనుక నీటి అణువులో ఎలక్ట్రాన్లు ఆక్సిజన్ వైపు మొగ్గుతాయి. నీటి అణువు వంగి, 104.5 డిగ్రీల కోణంలో ఉండుట వలన ఆ మొగ్గు రద్దు కాక మిగులుతుంది. ఒక కొన స్వల్పంగా రుణావేశాన్ని, మరొక కొన స్వల్పంగా ధనావేశాన్ని కలిగి ఉంటాయి. దీనినే 1.85 డిబై ద్విధ్రువ భ్రామకంగా కొలుస్తాము. కార్బన్ డయాక్సైడ్‌లో కూడా బంధాలు ధ్రువమైనవే. కాని ఆ అణువు సరళరేఖలో ఉంటుంది, రెండు వైపుల లాగుడు సమానమై ఒకదానినొకటి రద్దు చేసుకొంటాయి, అణువు మొత్తం అధ్రువమవుతుంది. బంధం ధ్రువమైనంత మాత్రాన అణువు ధ్రువం కాదని, అణువు ఆకృతి కూడా చూడాలని విద్యార్థి పరీక్షలో చక్కగా రాస్తాడు. మూడేళ్ళ తర్వాత అదే విద్యార్థి వరి పొలంలో అమ్మోనియా నీటిలో కరిగి ఉండగా మీథేన్ మాత్రం మొక్క కాండంలోని గాలి గదుల గుండా బయటికి పోతుందని చదువుతాడు. అమ్మోనియా ధ్రువ అణువు, మీథేన్ పూర్తిగా సౌష్ఠవం గల అధ్రువ అణువు. 25 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద మీథేన్ లీటరు నీటిలో 20 మిల్లీగ్రాములకు కాస్త పైగా మాత్రమే కరుగుతుంది. ఈ రెండు పాఠాలను కలిపే వంతెన మన బోధనలో లేదు.

ధ్రువ, అధ్రువ అనే రెండు గదులు పాఠ్యపుస్తకంలోనే ఉన్నాయి. పొలంలోకి వచ్చే అణువులు పెద్దవి. ఒకే అణువులో ధ్రువ భాగమూ, అధ్రువ భాగమూ పక్కపక్కనే ఉంటాయి. అందుచేత వాటిని ఒక మెట్లవరుసపై నిలబెట్టి చూడాలి. ఆక్టనాల్, నీరు అనే కలవని రెండు ద్రవాల మధ్య ఒక మందు ఎంత నిష్పత్తిలో పంచుకొంటుందో కొలిచే విభజన గుణకం ఇందుకు ఉపయోగపడుతుంది. పెండిమిథాలిన్ నీటిలో కంటె ఆక్టనాల్‌లో లక్ష రెట్లకు పైగా చేరుతుంది. అట్రజిన్ సుమారు 400 రెట్లు. గ్లైఫోసేట్ దీనికి తలకిందులు: ఆక్టనాల్‌లో కంటె నీటిలోనే వెయ్యి రెట్లకు పైగా ఉంటుంది. ఈ మూడూ ఒకే దుకాణంలో ఒకే అరపై ఉంటాయి. మూడింటినీ 'కలుపు మందు' అనే అంటాము. మూడింటినీ నీటిలో కలిపే చల్లమంటాము.

ముందుగా పెండిమిథాలిన్‌ను చూద్దాం. 30 శాతం ఇ.సి. రూపంలో ఎకరాకు 1.3 లీటర్లను 200 లీటర్ల నీటిలో కలిపి, వేరుశనగ, పత్తి, అపరాల వంటి పంటలలో విత్తిన వెంటనే పిచికారీ చేయమంటాము. అంటే దాదాపు 390 గ్రాముల అసలు మందు. ఈ మందు లీటరు నీటిలో సుమారు 0.3 మిల్లీగ్రాములే కరుగుతుంది. లెక్క వేస్తే 200 లీటర్లలో నిజంగా కరిగేది 60 మిల్లీగ్రాములు. మిగిలినదంతా ద్రావణిలో కరిగి, ఎమల్షన్ కారకాల సాయంతో సన్నని బిందువులుగా నీటిలో తేలుతూ ఉంటుంది. ట్యాంకులో కనిపించే పాలవంటి తెలుపునకు కారణం ఇదే. మందు నీటిలో 'కలిసింది' గాని 'కరగలేదు'. ఈ రెండు క్రియలకు మధ్య ఉన్న తేడాను మన భాష ఎంత చక్కగా చూపుతుందో గమనించండి. అయినా కరపత్రాలలో ఒకదానికి బదులు మరొకటి వాడేస్తుంటాము.

నేలపై పడిన తర్వాత ఈ అణువు ఏం చేస్తుంది? నీటితో పాటు కిందికి దిగదు. పై రెండు మూడు సెంటీమీటర్లలో, ముఖ్యంగా సేంద్రియ పదార్థానికి అతుక్కొని, ఒక పలుచని పొరగా నిలుస్తుంది. ఈ పొరలో మొలిచే కలుపు మొలకలు చస్తాయి. 5 సెంటీమీటర్ల లోతున పడిన వేరుశనగ విత్తనం తప్పించుకొంటుంది. అంటే ఇక్కడ పంటకు లభించే రక్షణలో పెద్ద వాటా లోతుది. పైపైన పడే చిన్న విత్తనాలకు ఈ రక్షణ తక్కువ. పిచికారీ తర్వాత వెంటనే అంతరకృషి చేస్తే పొర చెదిరి, మందు లేని మట్టి పైకి వస్తుంది. ఎంత వాన పడితే అంత లోపలికి దిగి బాగా పనిచేస్తుందనే నమ్మకం కూడా ఈ అణువు విషయంలో నిలవదు.

ఇక తేమ షరతు. బంకమట్టి ఖనిజాల ఉపరితలం ఆవేశాలతో నిండి ఉంటుంది. నేల ఎండి ఉన్నప్పుడు ఆ స్థానాలు ఖాళీగా ఉండి, మందు అణువులు అక్కడ కూడా చిక్కుకుంటాయి. నేల తడిసినపుడు నీటి అణువులు, అవి ధ్రువ అణువులు గనుక, ఆ స్థానాలను ముందుగా ఆక్రమించి మందును వెలుపలికి నెడతాయి. అలా విడుదలైన భాగమే మట్టి రంధ్రాలలోని నీటిలోకి, గాలిలోకి చేరి మొలకను తాకుతుంది. ఫ్లూక్లోరాలిన్ వాడకంలో ఉన్న రోజులలో పనిచేసిన శాస్త్రజ్ఞులకు దీని మరో ముఖం గుర్తుండే ఉంటుంది. ఆ మందు చల్లిన వెంటనే గుంటకతోనో గొర్రుతోనో మట్టిలో కలపవలసి వచ్చేది, లేకుంటే ఆవిరై పోయేది. అందుచేత "తగినంత తేమ" అనేది మందును నేల పట్టునుండి విడిపించే యంత్రాంగం. దీనిని రైతుకు రెండు వాక్యాలలో చెప్పవచ్చు: "మట్టి పొడిగా ఉంటే మందును మట్టే పట్టేసుకుంటుంది. తడి ఉంటే ఆ చోటును నీరు తీసుకొని, మందును కలుపు మీదికి వదులుతుంది." ఈ మాట విన్న రైతు దుక్కి ఆరిన తర్వాత మందు కొట్టడానికి రెండుసార్లు ఆలోచిస్తాడు. "తగినంత తేమ" అనే పదబంధం చదివిన రైతు ఆలోచించకపోతే అది అతని దోషం కాదు.

అట్రజిన్ సంగతి మరింత ఆసక్తికరం. మొక్కజొన్నలో 50 శాతం పొడి మందును తేలిక నేలలలో ఎకరాకు 800 గ్రాములు, బరువు నేలలలో 1200 గ్రాములు వాడమని మన సిఫారసు. ఈ తేడాలో ధ్రువత్వపు పాఠం మొత్తం దాగి ఉంది. మెట్లవరుసలో అట్రజిన్ మధ్యన నిలుస్తుంది, లీటరు నీటిలో 33 మిల్లీగ్రాముల వరకు కరుగుతుంది. బంకమన్ను, సేంద్రియ పదార్థం అధికంగా ఉన్న నేల దానిని కొంత పట్టి ఉంచుతుంది గనుక అక్కడ మోతాదు పెంచాలి. ఇసుక నేలలో పట్టు తక్కువ, పైగా నీటితో కిందికి దిగే వీలు ఎక్కువ. అమెరికా మొక్కజొన్న ప్రాంతాలలో అట్రజిన్ భూగర్భజలంలో కనబడడానికి, యూరోపియన్ యూనియన్ దానిని 2004లో నిలిపివేయడానికి ఈ మధ్యస్థ స్వభావమే మూలం. ఎర్ర చల్కా నేలలో 1200 గ్రాములు వాడిన రైతు కలుపుకు ఎక్కువ మందు వేశానని అనుకొంటాడు. ఆ అదనపు భాగంలో కొంత అతని బావి వైపు ప్రయాణిస్తుందని ఎవరూ అతనికి చెప్పలేదు.

నేలనుండి ఆకు మీదికి వద్దాం. తామరాకు మీద నీటిబొట్టు అనే మాట మనకు ఉగ్గుపాలతో వచ్చినదే. ఆకు అవభాసినిపై ఉండే మైనంలో పొడవైన హైడ్రోకార్బన్ గొలుసులు ప్రధానంగా ఉంటాయి, అవి అధ్రువమైనవి. నీరు తనలో తాను గట్టిగా పెనవేసుకొనే ద్రవం గనుక మైనంపై పరుచుకోక ముత్యమై జారిపోతుంది. ఆకులోకి వెళ్ళవలసిన మందుకు ఇక్కడ ఒక చిక్కు ఉంది. మైనాన్ని దాటాలంటే నూనె స్వభావం కావాలి. దాటిన తర్వాత కణాల నీటిలో కలిసి, నాళాల ద్వారా వేరు వరకు పోవాలంటే నీటి స్వభావం కావాలి. రెండు స్వభావాలు ఒకే అణువులో ఒకేసారి సమృద్ధిగా ఉండడం అరుదు.

రసాయనజ్ఞులు దీనికి కనుగొన్న ఉపాయం ఎస్టర్ రూపం. 2,4-డి మన దేశంలో సోడియం లవణంగా, అమైన్ లవణంగా, ఇథైల్ ఎస్టర్‌గా లభిస్తుంది. లవణాలు నీటిలో కరుగుతాయి, మైనాన్ని నెమ్మదిగా దాటుతాయి. ఎస్టర్ మైనంలోకి సులువుగా చొరబడుతుంది. లోపలికి వెళ్ళిన తర్వాత మొక్కలోని ఎంజైములే దానిని విరిచి ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం క్షార స్వభావం గల పోషక కణజాలంలో అయానుగా మారి, తిరిగి బయటికి రాలేక, అక్కడినుండి వేరు వైపు సాగుతుంది. వరిలో వాడే సైహలోఫాప్ బ్యుటైల్, సోయాచిక్కుడులో వాడే క్విజాలోఫాప్ ఇథైల్ పేర్లలోని చివరి ముక్కలు ఈ ఉపాయాన్నే తెలుపుతాయి. వాన షరతు కూడా ఇక్కడే అర్థమవుతుంది. ఎస్టర్ సాధారణంగా గంట సేపటిలో వానను తట్టుకొంటుంది. లవణ రూపానికి నాలుగైదు గంటలు అవసరం కావచ్చు. ఒకే మందు పేరుతో రెండు వేర్వేరు గడువులు ఉన్నాయన్నమాట.

ఈ ఉపాయానికి ఒక మూల్యం ఉంది, దానిని చెల్లించేది తరచుగా పక్క పొలం రైతు. లవణంలో అయాన్లు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొని ఉంటాయి గనుక అది ఆవిరి కాదు. ఇథైల్ ఎస్టర్‌లో ఆవేశం లేదు, హైడ్రోజన్ బంధాలకు వీలు లేదు, గొలుసు చిన్నది. ఎండ వేళ అది ఆవిరై గాలితో సాగుతుంది. 2,4-డి కి అతి సున్నితమైన పత్తి మీద ఆ గాలి సోకితే ఆకులు సన్నగా చీలి బెండ ఆకులలా మారతాయి. వరి, పత్తి గట్లు కలిసి ఉండే గ్రామాలలో ఈ లక్షణాన్ని వైరస్ తెగులుగా పొరబడి మరొక మందు కొట్టిన సందర్భాలూ ఉంటాయి. పిచికారీ తుంపర మాత్రమే కొట్టుకుపోతుందనుకొని "గాలి లేనప్పుడు చల్లండి" అని సలహా ఇస్తాము. ఎస్టర్ విషయంలో గాలి లేనప్పుడు చల్లినా, మరునాటి ఎండకు ఆవిరి లేస్తుంది. పత్తి పండించే గ్రామాలలో 2,4-డి సిఫారసు చేసేటపుడు రూపాన్ని పేర్కొనకుండా మందు పేరు మాత్రమే రాయడం బాధ్యతారాహిత్యమని నా నిశ్చితాభిప్రాయం. పత్తికి దగ్గరలో ఎస్టర్ రూపాన్ని సిఫారసు చేయనే కూడదు.

ధ్రువత్వం అన్ని తాళాలకూ చెవి కాదు. అయాను వేరు, ధ్రువ అణువు వేరు. ఈ రెంటినీ కలగలిపి బోధించడం వలన కలిగే తప్పు గ్లైఫోసేట్ దగ్గర బయటపడుతుంది. అది నీటిని అంతగా ప్రేమించే అణువు గనుక యూరియాలా నీటితో కిందికి జారిపోవాలని విద్యార్థి ఊహిస్తాడు. యూరియా ఆవేశం లేని ధ్రువ అణువు, అమ్మోనియంగా మారేలోపు భారీ తడి ఇస్తే నిజంగానే జారిపోతుంది. గ్లైఫోసేట్ మాత్రం తన ఫాస్ఫోనేట్ భాగంతో ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లను ఫాస్ఫేట్ మాదిరిగానే పట్టుకొని నేలలో నిలిచిపోతుంది. ఇదే గుణం ట్యాంకులో శత్రువవుతుంది. కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం దానిని బంధించి, ఆకులోకి పోనీయవు. బురద నీటిలోని మట్టి రేణువులు కూడా అంతే. "శుభ్రమైన నీరు" అంటే కంటికి తేటగా ఉన్న నీరు అని రైతు అర్థం చేసుకొంటాడు. తేటగా మెరిసే ఉప్పటి బోరు నీరు చెరువు నీటి కంటె ఎక్కువ హాని చేయవచ్చని మన కరపత్రం చెప్పదు.

వేప విషయంలోనూ ఈ భేదం అక్కరకు వస్తుంది. వేపనూనె, వేపగింజల కషాయం ఒకే ఫలితాన్ని ఇస్తాయని, నూనె మరింత 'గాఢమైనది' అని చాలామంది భావిస్తారు. అజాడిరక్టిన్ అణువులో 16 ఆక్సిజన్ పరమాణువులు ఉన్నాయి. అది మిథనాల్ వంటి ధ్రువ ద్రావణులలో బాగా కరుగుతుంది, నీటిలోనూ లీటరుకు పావు గ్రాము వరకు కరుగుతుంది. గానుగ ఆడినపుడు దానిలో అధిక భాగం నూనెలోకి రాక చెక్కలోనే ఉండిపోతుంది. 5 కిలోల గింజల పొడిని రాత్రంతా నీటిలో నానబెట్టి, వడకట్టి, 100 లీటర్లకు పలుచన చేసే మన పాత పద్ధతి రసాయనశాస్త్ర దృష్ట్యా ఎంతో సబబైనది. నూనెకు వేరే ప్రయోజనం ఉంది, మెత్తని శరీరం గల చిన్న పురుగులను అది కప్పివేస్తుంది. నూనెను నీటిలో నిలపడానికి సబ్బు కావాలి. సబ్బు అణువు తల నీటిలో, తోక నూనెలో ఉండి రెంటినీ కలుపుతుంది. కాని బోరు నీటిలోని కాల్షియం ఆ తలలను పట్టి తెట్టుగా మార్చివేస్తే నూనె విడివడి, ట్యాంకు పైభాగాన తేలుతుంది. మొదటి సాళ్ళకు వట్టి నీరు, చివరి సాళ్ళకు చిక్కటి నూనె అందుతాయి. చివరి మొక్కల ఆకులు మాడితే వేపనూనె 'వేడి' చేసిందంటారు.

ఇప్పుడే ఈ చర్చ ఎందుకని అడగవచ్చు. డ్రోన్ల వలన. కేంద్ర ప్రభుత్వం డ్రోన్ పిచికారీకి కార్యాచరణ నిబంధనలను 2021 డిసెంబరులో విడుదల చేసింది, నాటి నుండి వాటి వాడకం మన జిల్లాలలో వేగంగా పెరుగుతున్నది. ఎకరాకు 200 లీటర్ల స్థానంలో 10 లీటర్లు వచ్చాయి. పెండిమిథాలిన్ ఇ.సి. 1.3 లీటర్లను 200 లీటర్లలో కలిపితే 0.65 శాతం మిశ్రమం, 10 లీటర్లలో కలిపితే సుమారు 13 శాతం. ఎమల్షన్ స్థిరత్వాన్ని ప్రమాణ పరీక్షలలో సాధారణంగా 5 శాతం గాఢత వద్ద, లీటరుకు 342 మిల్లీగ్రాముల కఠినత్వం గల నీటిలో చూస్తారు. మనం ఆ హద్దును దాటి వెళుతున్నాము. బోరు నీటి కఠినత్వం కూడా ఆ అంకెకు మించిన గ్రామాలలో రెండు హద్దులనూ ఒకేసారి దాటుతున్నాము. నీటిలో కరిగే ఎస్.ఎల్. మందులకు ఈ చిక్కు అంతగా లేదు. అధ్రువ మందులకు ఉంది. డ్రోన్ సిఫారసులను మందుల వారీగా ఇస్తున్నాము గాని, ఈ స్వభావం వారీగా విడదీసి ఇవ్వడం లేదు.

బోధన విషయంలో నా కోరిక చిన్నది. కలుపు యాజమాన్యం పాఠంలో మందులను పంటల వారీగా, పిచికారీ సమయం వారీగా వర్గీకరించి వల్లె వేయించే ముందు, ఒక్క ప్రయోగ తరగతిని నీరు, నూనె, నాలుగు మందులు, రెండు రకాల మట్టి, ఒక తామరాకు మీద గడపాలి. పరిశోధన విషయంలో కోరిక కాస్త పెద్దది. కలుపు మందుల ప్రయోగ వ్యాసాలలో మోతాదు, కలుపు బరువు, దిగుబడి, ఆదాయ వ్యయాల నిష్పత్తి పట్టికలుగా వస్తాయి. పిచికారీ నాటి నేల తేమ, ప్రయోగ క్షేత్రపు సేంద్రియ కర్బనం, వాడిన నీటి కఠినత్వం, మందు రూపం అనే నాలుగు అంకెలు తరచుగా ఉండవు. అవి లేకుండా ఒక కేంద్రంలో పనిచేసిన మందు మరొక కేంద్రంలో ఎందుకు విఫలమైందో ఎన్ని ఏళ్ళ సమాచారాన్ని క్రోడీకరించినా తేలదు. ఈ నాలుగూ లేని వ్యాసాన్ని సమీక్షకులు వెనక్కి పంపాలని సంపాదకవర్గానికి నా ప్రతిపాదన. కొలవడానికి ఖరీదైన పరికరాలేవీ అక్కరలేదు.

విస్తరణ సిబ్బంది మాత్రం దీనికై ఎదురుచూడవలసిన పని లేదు. రైతు శిక్షణకు వచ్చేటపుడు తన బోరు నీరు ఒక సీసాలో తెమ్మనాలి. గాజు సీసాలో లీటరు నీటికి 6.5 మిల్లీలీటర్ల పెండిమిథాలిన్, డ్రోన్ వాడేవారికైతే 130 మిల్లీలీటర్లు, చేతికి తొడుగు వేసుకొని కలిపి, అరగంట కదపకుండా ఉంచాలి. అదే మందును వాననీటిలో కలిపిన సీసాను దాని పక్కన పెట్టాలి. పైన నూనె పొరగాని, అడుగున గడ్డలుగాని ఏర్పడిన సీసాలోని నీటిని పిచికారీకి వాడరాదు.